వీడియోతో పాఠం – 3: ఎక్కడ ఆపాలి?

పోయినసారి చిన్న వీడియో ఎంచుకోవడం చూశాం. ఇక అసలు పని, దాన్ని ఆపడం. వీడియో పెట్టేసి మనం పక్కన నిలబడితే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు, అయిపోయాక ఏం అర్థమైందంటే ‘బాగుంది మిస్’ అంటారు, అంతే.

తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠానికి నేను ఏటా వాడేది 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద చేసిన ప్రయోగం. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక, రెండూ ఒకేసారి వదిలేస్తాడు. మొత్తం నిమిషం లోపే, యూట్యూబ్‌లో దొరుకుతుంది.

ముందు ఇంట్లో ఒక్కరే చూసి, ఆయన వదలబోయేది ఎన్నో సెకనులోనో రాసుకోండి. క్లాసులో సరిగ్గా దానికి ముందు కీబోర్డు మీద ‘కె’ నొక్కితే ఆగిపోతుంది. సౌండ్ తీసేయండి, ఎందుకంటే అవి పడగానే, గాలి అడ్డు లేకపోతే బరువైనదీ తేలికైనదీ ఒకేసారి పడతాయని గెలీలియో చెప్పిందే నిజమని స్కాట్ అనేస్తాడు, ఆ మాట మన పిల్లల నోట రావాలి.

ఆపాక ఏది ముందు పడుతుంది, ఎందుకు అని నోట్‌బుక్‌లో రాయించండి. చేతులెత్తమనొద్దు, బాగా చదివేవాళ్లు ఎత్తితే చూసి మిగతావాళ్లూ ఎత్తేస్తారు. మా బెంగళూరు క్లాసులో చాలామందికి ఇంట్లో తెలుగో కన్నడో, పాఠమేమో ఇంగ్లీషులో, అందుకే ఏ భాషలో రాసినా సరే అంటాను. హొసకోట వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి, ఇంగ్లీషులో రాయమంటే పేజీ ఖాళీగా ఇచ్చే పిల్ల, ‘సుత్తే, బరువు కదా’ అని తెలుగులో రాసింది. రెండూ ఒకేసారి పడ్డం చూశాక దాన్ని కొట్టెయ్యలేదు, కింద ఇంకో లైను రాసింది: ‘అక్కడ గాలి లేదు, అందుకా మిస్?’ ఆ లైను కోసమే ఇదంతా.

బొమ్మ మసగ్గా ఉంటుంది, ఈక సరిగ్గా కనబడదు. ‘జె’ నొక్కితే పది సెకన్లు వెనక్కి వెళ్తుంది. వదిలే చోట ఆపి, ఫుల్‌స్టాప్ కీ ఒక్కోసారి నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది, రెండూ పక్కపక్కనే దిగడం అందరూ చూడొచ్చు. అంత నెమ్మదిగా పడుతున్నాయేమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కడ గురుత్వాకర్షణ మన దగ్గరున్న దాంట్లో ఆరో వంతేనని వెంటనే చెప్పెయ్యకండి, ఇంటికి పంపండి ఆ ప్రశ్నను.

వచ్చే పాఠంలోపు మీ సబ్జెక్టు వీడియో ఒకటి తీసుకుని, ఆపే చోటు ఒక్కటే, ప్రశ్న ఒక్కటే రాసుకుని రండి.