రెండు గ్రాఫిక్స్ కార్డులు ఒకే పీసీలో బిగించేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం కొర్లగుంటలో మిద్దె మీద రూములో ఉండే ఇంజినీరింగ్ అబ్బాయి ఒకడు క్యాబినెట్ మోసుకుని వచ్చాడు. "అన్నా, ఆన్ చేసిన పది నిమిషాలకే కాలిన వాసన వచ్చింది" అన్నాడు. తెరిచి చూశాను. రెండో ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే చోట శాటా కనెక్టర్ (హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే ప్లగ్) కరిగి, నల్లగా ముద్దయి, పిన్నులకు అతుక్కుపోయింది. పసుపు తీగ తొడుగంతా బొబ్బలు. ఆ టేబుల్ పక్కనే పరుపట. మెలకువగా ఉన్నాడు కాబట్టి స్విచ్ ఆపాడు. నా చేతికి ఇలా వచ్చిన పీసీల్లో ఇది మూడోది, మూడింట్లోనూ తప్పు ఒక్కటే.

శాటా నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టర్ కేబుల్.

ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే పీసీకంతా కరెంటు ఇచ్చే పెట్టెలో, రెండో కార్డుకు సరైన కేబుల్ ఉండదు. కన్వర్టర్ చవగ్గా దొరుకుతుంది, చక్కగా పట్టేస్తుంది, పీసీ కూడా ఆన్ అవుతుంది. అందుకే అందరూ నమ్ముతారు. లెక్క చూడండి: ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్లకు మించి ఇవ్వకూడదు. మిగతా 110 వాట్లు కేబుల్ నుంచే రావాలి. శాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. డెస్క్‌టాప్ చూస్తున్నంతసేపు ఏమీ కాదు, గేమ్ మొదలయ్యాకే వేడెక్కుతుంది. రెండు శాటాలు కలిపిన కన్వర్టర్ కూడా వద్దు. కాగితం మీద 108 వాట్లు, అదీ చాలదు.

అసలు రెండో కార్డు కొనేముందు ఒక మాట. 4కేలో గేములు ఆడాలని రెండోది కొందామనుకుంటారు. 4కే అంటే స్క్రీన్ మీద ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు, దాదాపు 83 లక్షల పిక్సెల్స్ (చుక్కలు). దానికి వీడియో మెమరీ ఎక్కువ కావాలి. నాలుగు జీబీ కార్డులు రెండు పెడితే ఎనిమిది అవుతుందనుకుంటారు. కాదు. ఒకే డేటా రెండింట్లోనూ ఉండాలి కాబట్టి గేమ్‌కు అందేది నాలుగే. రెండు ఎన్విడియా కార్డులను కలిపి నడిపే పద్ధతిని ఎస్‌ఎల్‌ఐ అంటారు, ఏఎండీ కార్డులకైతే క్రాస్‌ఫైర్. ఎన్విడియా జీటీఎక్స్ 1060కి ఎస్‌ఎల్‌ఐ లేనే లేదు. ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్ (ఒక్కో గేమ్‌లో రెండు కార్డులూ పనిచేయడానికి కావలసిన సెట్టింగులు) ఇవ్వడం మానేసింది. కొత్త గేముల్లో చాలావాటికి రెండో కార్డు ఉన్నా లేనట్టే. నన్నడిగితే ఉన్నది అమ్మి ఒక్క మంచి కార్డు కొనమంటాను. క్రాస్‌ఫైర్ పనిచేసే పాత గేములు ఆడాలనో, చేతిలో ఇప్పటికే రెండు ఉన్నాయనో అయితే కింది మాటలు వినండి.

ఎస్‌ఎంపీఎస్ మంచి కంపెనీది, 750 వాట్లది ఉండాలి. కార్డులకే 370 వాట్లు పోతాయి, ప్రాసెసర్ వేరే. కార్డుకొక కేబుల్, నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు కొసలను రెండు కార్డులకు పంచొద్దు.

ఇంకో ఎస్‌ఎంపీఎస్ కేబుల్ తెచ్చి దీనికి పెట్టొద్దు. ప్లగ్ సరిపోయినా తీగల వరస వేరుగా ఉండొచ్చు, కార్డు చచ్చిపోతుంది.

రెండు కార్డుల మధ్య గాలి ఆడాలి. కింది కార్డు వేడంతా పైదాని ఫ్యాన్ లాక్కుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది, రేకుల రూముల సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పూట 4కే పెట్టొద్దు.

క్రిప్టో మైనింగ్‌లో నలిగిన సెకండ్ హ్యాండ్ కార్డయితే చిప్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి లాగేది) మార్చకుండా బిగించొద్దు.

ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్‌కు తగిలించొద్దు. అది ఇంత లోడ్ మోయదు.

ఎర్తింగ్ లేని ప్లగ్‌లో పెట్టొద్దు.

మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల ప్లగ్) కన్వర్టర్ కూడా వద్దు.

శాటా కన్వర్టర్ వద్దు. షాపతను "ఏం కాదు" అన్నా వద్దు. ఫ్రెండ్ పీసీలో ఏడాదిగా పనిచేస్తోందన్నా వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రోజే పీకేయండి.

డౌన్‌లోడ్‌కో రెండరింగ్‌కో పెట్టి నిద్రపోవద్దు.

వాసన వస్తే ముందు గోడ స్విచ్ ఆపండి. ఆ తర్వాతే క్యాబినెట్ దగ్గరికి వెళ్లండి. నీళ్లు పోయొద్దు.