హెల్308 డీఎన్ఏను విప్పుతోందా? 45 డిగ్రీల దగ్గర పరీక్షించే పద్ధతి

దెబ్బతిన్న డీఎన్ఏ దగ్గర రెప్లికేషన్ (డీఎన్ఏ నకలు తీయడం) ఆగిపోతే, ఆర్కియా అనే ఏకకణ జీవుల్లో ఆ కూడలిని చక్కదిద్దే హెలికేసుల్లో, అంటే డీఎన్ఏ జంట పోచలను విప్పే ఎంజైముల్లో, హెల్308 ఒకటి. ఒంటి పోచ మీద 3′ కొస నుంచి 5′ కొస వైపు నడుస్తూ లాగింగ్ పోచను (ముక్కలు ముక్కలుగా తయారయ్యే పోచను) ఊడదీస్తుంది. ఎక్స్‌పీడీ అనే మరో హెలికేసుది ఎదురు దిశ. అందుకే పరీక్ష డీఎన్ఏలో జతలేని ఒంటి పోచ భాగం, అంటే తోక, ఏ కొసన ఉండాలో ముందు తేల్చుకోవాలి.

హెల్308 కోసం 25 బేసుల జంట భాగం, పొడవాటి పోచకు 25 బేసుల 3′ తోక పెట్టండి. సై5 అనే మెరిసే రంగు పొట్టి పోచకే ఉండాలి. 5′ తోక ఉన్న జంట కూడా ఒకటి సిద్ధం చేసుకోండి, దాన్ని ఎంజైమ్ విప్పకూడదు. పొట్టి పోచ ఒక వంతుకు పొడవుది 1.2 వంతులు, 50 మిల్లీమోలార్ ఉప్పులో కలపండి. వేడి బ్లాకు ఆపేసి చల్లారనివ్వడం హైదరాబాద్ మే నెలలో నమ్మకమైన పని కాదు. ఏసీ లేని గదిలో 35 దగ్గరే ఆగిపోవచ్చు. పీసీఆర్ యంత్రంలో 95 దగ్గర 5 నిమిషాలు ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 20 దాకా దించండి.

రియాక్షన్ 20 మైక్రోలీటర్లు: హెపీస్ బఫర్ 20 మిల్లీమోలార్ (పీహెచ్ 7.5), మెగ్నీషియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, ఆక్సీకరణను అడ్డుకునే డీటీటీ 1 మిల్లీమోలార్, డీఎన్ఏ 10 నానోమోలార్, ఎంజైమ్ 50 నుంచి 200 నానోమోలార్. ట్రిస్ బఫర్ వద్దు. డిగ్రీకి దాదాపు 0.028 చొప్పున దాని పీహెచ్ పడిపోతుంది, అంటే 25 దగ్గర 7.5 ఉన్నది 45కి వచ్చేసరికి 6.9. హెపీస్‌లో ఆ తగ్గుదల సగమే. 45 డిగ్రీలకు వేడెక్కాక ఎంజైమ్‌కు శక్తినిచ్చే ఏటీపీ 3 మిల్లీమోలార్ వేసి మొదలుపెట్టండి. ఏటీపీ మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది కాబట్టి మెగ్నీషియం ఎప్పుడూ ఎక్కువే ఉండాలి. ఏటీపీ స్టాకును ముందే పీహెచ్ 7కి తేవాలి. మూత వేడెక్కే యంత్రం వాడకపోతే నీరు ఆవిరై గాఢతలన్నీ మారిపోతాయి.

65 డిగ్రీలు ఈ ఎంజైమ్‌కు హాయే, కానీ 25 బేసు జతలు ఆ వేడికి వాటంతటవే విడిపోతాయి. ఎంజైమ్ లేని గొట్టం, ఏటీపీ లేని గొట్టం, 95 దగ్గర మరిగించిన గొట్టం ప్రతి జెల్ మీదా ఉండాల్సిందే.

ఆపేటప్పుడు ఈడీటీఏ 20 మిల్లీమోలార్, ఎస్‌డీఎస్ 0.5 శాతం, ప్రొటీన్‌ను ముక్కలు చేసే ప్రొటీనేస్ కే వేయండి, లేకపోతే ప్రొటీన్ అంటుకున్న డీఎన్ఏ జెల్ బావిలోనే ఇరుక్కుంటుంది. వాటితో పాటే రంగు లేని పొట్టి పోచ 500 నానోమోలార్ కలపండి. ఇది మరిస్తే విడిపోయిన పోచలు చల్లారుతూ మళ్లీ జతకట్టి, పనిచేసిన ఎంజైమ్ కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది. 10 శాతం నేటివ్ జెల్ (జంట పోచలను విడదీయనిది), టీబీఈ బఫర్, 100 వోల్టులు, కోల్డ్ రూములో నడపండి. జెల్ ఎంత నడిచిందో చూపే రంగుగా బ్రోమోఫినాల్ బ్లూ వద్దు, అది సై5 ఛానల్లో మెరుస్తుంది, ఆరెంజ్ జీ వాడండి.

అసలు ప్రమాదం ఎంజైమ్‌ను తయారుచేయించిన ఈ. కోలి బ్యాక్టీరియా నుంచి వస్తుంది: దాని సొంత హెలికేసు యూవీఆర్‌డీ కూడా 3′ నుంచి 5′ దిశలోనే విప్పుతుంది. కణాల రసాన్ని 65 దగ్గర 20 నిమిషాలు ఉంచి సెంట్రిఫ్యూజ్ చేస్తే అలాంటివి చాలావరకు గడ్డకట్టి పోతాయి. అయినా వాకర్-ఏలోని (ఏటీపీని పట్టుకునే భాగంలోని) లైసిన్ అనే అమినో ఆమ్లాన్ని మార్చి పనిచేయకుండా చేసిన హెల్308ను అదే పద్ధతిలో శుద్ధి చేసి పక్కన నడపండి. అది కూడా విప్పుతుంటే మీరు చూస్తున్నది హెల్308 పని కాదు.

ఎక్స్‌పీడీకి మారితే తోకను 5′ కొసకు మార్చండి. అందులో ఇనుము-గంధకం గుంపు ఉంటుంది. గాలికి ఆక్సీకరణ చెందితే విప్పే శక్తి పోతుంది. శుద్ధి చేసిన ద్రావణంలో పసుపు-గోధుమ రంగు కనిపించకపోతే ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టండి.