జాతకంలో అగ్ని తత్వం చూసుకుని దానికి తగ్గ మూలిక ఎంచుకోవడం ఎలా

"నాది సింహ రాశి, అగ్ని తత్వం, నాకు ఏ మూలిక పడుతుంది" అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి వెంటనే అల్లం, మిరియాలు, దాల్చినచెక్క అని ఒక లిస్ట్ చేతిలో పెట్టేస్తుంటారు. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. పాత పద్ధతిలో లెక్క వేరే. ఒంట్లో నిప్పు తగ్గినవాళ్ళకి వేడి చేసే మూలిక, నిప్పు పెరిగినవాళ్ళకి చలవ చేసే మూలిక. జాతకం చెప్పేది పుట్టుకతో వచ్చిన స్వభావం గురించి, ఇవాళ్టి పరిస్థితి ఏంటో ఒళ్ళే చెప్పాలి. ఈ రెండూ చూసుకున్నాకే మూలిక దగ్గరికి వెళ్ళాలి, నేను గట్టిగా నమ్మేది ఇదే.

ముందు అగ్ని అంటే ఏంటో కొంచెం తెలిసుండాలి. గ్రీకుల్లో ఎంపెడోక్లిస్ అనే తత్వవేత్త నిప్పు, గాలి, నీరు, మట్టి అని నాలుగు మూల పదార్థాలు చెప్తే, అరిస్టాటిల్ వాటికి గుణాలు కట్టాడు, అందులో నిప్పుకి వచ్చినవి వేడి, పొడి. తర్వాత గాలెన్ అనే పాతకాలపు గ్రీకు వైద్యుడి వైద్యంలో ఇదే లెక్క, నిప్పుకి జత ఒంట్లోని నాలుగు ద్రవాల్లో ఒకటైన పసుపు పిత్తం, ఆ మనిషి చురుగ్గా ఉంటాడు, తొందరగా కోపమొస్తుంది, బక్కపలచగా ఉంటాడు. ఆయుర్వేదంలో పిత్తం కూడా వేడిదే, తీక్షణమైనదే, కానీ అందులో నిప్పుతో పాటు నీరు కూడా ఉంటుంది, అందుకే దానికి కొంచెం జిడ్డు గుణం చెప్పారు. అంటే గ్రీకు పిత్తం పొడిగా ఉంటే ఇది అంత పొడిది కాదు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ రెండు పద్ధతులనీ కలిపేసి మూలికలు ఎంచుకుంటే ఇక్కడే దెబ్బతింటారు, ఏదో ఒక దారి పట్టుకుని చివరిదాకా అందులోనే నడవండి.

ఇప్పుడు జాతకం తీయండి. అగ్ని రాశులు మూడు, మేషం, సింహం, ధనుస్సు, చక్రంలో ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉంటాయి, అధిపతులు వరసగా కుజుడు, రవి, గురువు. ఒళ్ళు లెక్కలో పాశ్చాత్యులు మేషానికి తల, సింహానికి గుండె, వీపు, ధనుస్సుకి తొడలు ఇచ్చారు. ఒక్క విషయం దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు, అదేంటంటే పాశ్చాత్య పద్ధతిలో రాశి అంటే పుట్టినప్పుడు సూర్యుడున్న రాశి, అది కూడా సాయన లెక్క, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే చోటు నుంచి మేషాన్ని మొదలుపెట్టే లెక్క. మన పద్ధతిలో జన్మ రాశి అంటే చంద్రుడున్న రాశి, నిరయన లెక్క, అంటే ఆకాశంలో నక్షత్రాలని బట్టి రాశుల్ని కొలిచే లెక్క. రెండు లెక్కలకీ మధ్య ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. ఏప్రిల్ 5న పుట్టిన మనిషికి పాశ్చాత్యంలో సూర్యుడు మేషంలో ఉంటే నిరయనంలో ఇంకా మీనంలోనే ఉంటాడు, అంటే ఒక చోట నిప్పు, ఇంకో చోట నీరు! కాబట్టి ఒక్క రాశి పేరు పట్టుకుని నాది అగ్ని తత్వం అని తేల్చేసుకోకండి. లగ్నం (పుట్టిన క్షణంలో తూర్పున ఉదయించే రాశి), చంద్రుడు, సూర్యుడు, కుజుడు ఈ నాలుగూ ఎక్కడున్నాయో చూసి, అందులో రెండు మూడు అగ్ని రాశుల్లో ఉంటే అప్పుడు నిప్పు పాలు ఎక్కువ అనుకోండి, ఒక్కటీ లేకపోతే తక్కువ అనుకోండి. అనుకోండి అనే అంటున్నా, ఇంకా ఒంటిని అడగలేదు కదా.

ఒంటిని అడగడానికి ఆయుర్వేదంలో చెప్పిన నాలుగు అగ్నులు చాలా బాగా పనికొస్తాయి. మందాగ్ని అంటే కొంచెం తిన్నా కడుపు బరువు, నాలుక మీద తెల్లటి పూత, పొద్దున్నే బద్ధకం. తీక్ష్ణాగ్ని అంటే తిన్న కాసేపటికే మళ్ళీ ఆకలి, గుండెల్లో మంట, టైముకి తినకపోతే చిరాకు. విషమాగ్ని ఒకరోజు అలా ఒకరోజు ఇలా, గ్యాస్, ఉబ్బరం. సమాగ్ని అయితే ఏ గొడవా లేదు, ఏ మూలికా అక్కర్లేదు. ఒక వారం రోజులు ఫోన్‌లో రాసుకోండి, ఆకలి ఎప్పుడు వేసింది, తిన్నాక ఎలా ఉంది, నాలుక ఎలా ఉంది. నా జాతకంలో నిప్పు బాగానే ఉంది, కానీ రాసుకుంటే తేలింది మాత్రం మందాగ్ని, జాతకం మీదే ఆధారపడి ఉంటే చలవ మూలికలు తాగి ఇంకా చల్లారిపోయేవాడిని.

తర్వాత వేడి ఎంత కావాలి అన్నది. గాలెన్ వేడిని నాలుగు మెట్లుగా లెక్కపెట్టాడు. మొదటి మెట్టు ఒంటికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది, సీమ చామంతి (కామోమైల్) అక్కడిది. రెండో మెట్టు స్పష్టంగా తెలుస్తుంది, రోజ్‌మేరీ అనే ఘాటు వాసన ఆకు అలాంటిది. మూడో మెట్టులో అల్లం, నాలుగో మెట్టులో ఆవాలు, అక్కడ చర్మం కాలి బొబ్బలెక్కుతుంది కూడా. ఆవాలతో మీరే ఒకసారి చూడొచ్చు, పొడి ఆవపిండి వాసన చూస్తే పెద్దగా ఏమీ ఉండదు, చన్నీళ్ళు కలిపి కొన్ని నిమిషాలు ఆగితే ముక్కు అదిరిపోతుంది. గింజలో ఉన్న ఎంజైమ్‌కి తడి తగిలాకే ఆ ఘాటు పుడుతుంది, మరిగే నీళ్ళు పోస్తే మాత్రం ఎంజైమ్ చచ్చిపోయి పిండి చప్పగా అయిపోతుంది. నిప్పుని నీరు లేపుతుందన్నమాట, నాకు ఈ విషయం ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. అల్లం కూడా అంతే, పచ్చిగా ఉన్నప్పుడు ఒక రకం, ఎండి సొంఠి అయ్యాక అందులో పదార్థం మారి ఘాటు పెరుగుతుంది, అందుకే ఆయుర్వేదంలో రెండిటినీ వేర్వేరు మందులుగా చూస్తారు.

మందాగ్ని అని తేలితే కింది మెట్ల నుంచి మొదలుపెట్టండి. ఒక చెంచా ఎండు రోజ్‌మేరీ కప్పులో వేసి మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత తప్పనిసరి, ఎందుకంటే దాని బలమంతా ఆవిరైపోయే నూనెలోనే ఉంటుంది, మూత తీసినప్పుడు లోపలివైపు పట్టిన చుక్కలని కూడా కప్పులోకే దులపండి. భోజనానికి అరగంట ముందు, రోజుకి ఒక కప్పు చాలు. ఒక వారం ఒకే మూలిక, రెండు మూడు కలిపేస్తే ఏది పనిచేసిందో ఏది పడలేదో తెలియదు. దానితో చాలకపోతే అప్పుడు అల్లం, ఆ తర్వాతే త్రికటు అంటే సొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమానంగా. చిత్రమూలం జోలికి మాత్రం ఇంట్లో వెళ్ళకండి, సంస్కృతంలో దాని పేరే అగ్ని, చర్మానికి తగిలితే బొబ్బలొస్తాయి, గర్భానికి ప్రమాదం.

తీక్ష్ణాగ్ని వాళ్ళకి ఉసిరి, ధనియాలు, సుగంధిపాల, వట్టివేరు. ధనియాలు రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి పొద్దున వడకట్టి తాగడం అన్నిటికంటే తేలిక. అతిమధురం కూడా చలవే కానీ బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, రోజూ వాడేది కాదు.

గ్రహాలు ఎక్కడ పనికొస్తాయంటే మూలిక ఎంపికలో. 1652లో మామూలు జనం చదువుకునేలా ఇంగ్లీషులో మూలికల పుస్తకం వేసిన నికొలస్ కల్పెపర్ వెల్లుల్లి, ఆవాలు, ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ ఆకు కుజుడికి, రోజ్‌మేరీ, సీమ చామంతి, కుంకుమపువ్వు రవికి ఇచ్చాడు. ఒక గ్రహం తెచ్చిన జబ్బుని దాని విరోధి గ్రహం మూలికతో అణచొచ్చు, లేదా అదే గ్రహం మూలికతో ఆ అవయవానికి బలమివ్వొచ్చు అంటాడు. నా లెక్కలో కుజుడి మూలికలు కదలిక తెస్తాయి, రవి మూలికలు నిలకడైన వెచ్చదనం ఇస్తాయి, మొదటిసారి వాడేవాళ్ళకి రవి వైపే మంచిది.

రవి మూలికల్లోనే సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఒకటుంది, జూన్ 24 దగ్గర్లో కోసేది, పసుపు మొగ్గని వేళ్ళ మధ్య నలిపితే ఎర్రటి రంగు అంటుతుంది, నూనెలో వేసి కొన్ని వారాలు ఎండలో పెడితే నూనె మొత్తం ఎర్రగా మారుతుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో అంత జాగ్రత్తగా ఉండాలి. లోపలికి తీసుకుంటే చర్మం ఎండకి తట్టుకోలేకపోవచ్చు, పైగా గర్భనిరోధక మాత్రలు, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, డిప్రెషన్ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు వీటన్నిటితో గొడవ పెట్టుకుంటుంది. రోజూ ఏదైనా మాత్ర వేసుకుంటుంటే, కడుపుతో ఉంటే, అల్సర్ ఉంటే ముందు డాక్టర్‌కి ఆ మూలిక పేరు చెప్పి అడగండి, ఆ తర్వాతే కప్పులో నీళ్ళు పోయండి.