బెట్టింగ్‌లో పోయిన డబ్బు వెంట పరుగును ఆపడం ఎలా?

క్రికెట్ బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్న మనిషి ఆ డబ్బును మళ్లీ బెట్టింగ్‌లోనే రాబట్టుకోవాలని చూస్తాడు. ఆడేవాళ్లు దీన్ని ‘లాస్ కవర్ చేయడం’ అంటారు. మొదట పోయినదానికంటే ఈ కవర్ చేసే ప్రయత్నంలో పోయేదే ఎక్కువ. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లకు పద్దులు రాసే వృత్తిలో ఉన్నందువల్ల, కొడుకులను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల కాగితాలు చూసి చూసి ఈ మాట చెబుతున్నాను. ఆ పరుగును ఆపడానికి ఒక వరుస ఉంది. ఆ వరుసను తలకిందులు చేసి, ముందు అప్పు తీర్చి, తర్వాత ఒట్టు వేయించుకుని, చివరికెప్పుడో లెక్క అడిగే కుటుంబాలే ఎక్కువ. అందుకే మరుసటి ఐపీఎల్‌కు అదే కుర్రవాడు అంతకంటే పెద్ద అప్పుతో వచ్చి కూర్చుంటాడు.

కావలసినవి కొద్దిపాటివే: గీతలున్న పొడవాటి నోటు పుస్తకం, నీలి సిరా పెన్ను, గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, తాకట్టు రసీదులు, చీటీ పుస్తకం, గొంతు పెంచకుండా రెండు గంటలు కూర్చోగల ఇంటి పెద్ద ఒకరు. ఫోనులో ఎక్సెల్ వాడతామని కొందరు అంటారు. వాడకూడదు. ఈ జబ్బు ఇంట్లోకి వచ్చిన దారే ఫోను, పైగా తెర మీది అంకెను చెరిపివేయడం చాలా సులువు. అదే కారణంగా పెన్సిలు కూడా పనికిరాదు.

మొదట దారులు మూయాలి. ఐడీ, అంటే పందేలు కాయడానికి బుకీ (పందేలు కట్టించుకునేవాడు) తెరిచే ఆన్‌లైన్ ఖాతా, ఇచ్చినవాడి నంబరును బ్లాక్ చేయాలి, యాప్‌లు తీసివేయాలి, ‘రికవరీ గ్యారంటీ’ అని ఊరించే టెలిగ్రాం గుంపుల నుంచి బయటికి రావాలి, యూపీఐ ఉన్న ఖాతాలో వారం ఖర్చుకు సరిపడేంత మాత్రమే ఉంచాలి. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే చట్ట సవరణ ద్వారా నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు దేశమంతటా నిషేధించింది. అయినా ఐడీలు వాట్సాప్‌లో దొరుకుతూనే ఉన్నాయి కనుక, చట్టమే చూసుకుంటుందని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఇది అరగంట పని.

తర్వాత లెక్క. పేజీలో రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో వెళ్లిన డబ్బును, రెండోదానిలో వచ్చిన డబ్బును తేదీల వారీగా రాయాలి. చేతికిచ్చిన నగదును, స్నేహితుడి ఖాతా ద్వారా పంపినదాన్ని మరచిపోకూడదు. ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో 18,000 గెలిచానని కుర్రవాడు మూడుసార్లు చెబుతాడు. సరే, అదీ వచ్చిన వరుసలో రాయించండి, కానీ ఒక్కసారే. ఐడీలో కనిపించే నిల్వను మాత్రం సున్నాగా వేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు కనుక, గెలిచిన సొమ్ము ఇప్పించమని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. తనకు రావలసిన పందెపు డబ్బు కోసం బుకీ కూడా వెళ్లలేడు. బ్యాంకు, చీటీ, తెలిసినవారి దగ్గర తెచ్చిన చేబదుళ్లు వేరే సంగతి. అవి తీర్చవలసినవే, వాటికి వేరే పేజీ కేటాయించాలి.

ఇప్పుడు అసలు దశ, దాదాపు అందరూ చెడగొట్టే దశ. రెండు వరుసలనూ కూడి, తేడా తీసి, ఆ మొత్తాన్ని పోగొట్టుకున్నవాడు తన చేత్తో ఖర్చు పద్దు కింద రాసి, తేదీ వేసి, అడుగున గీత గీయాలి. వినడానికి ఇది చిన్న పనిలా ఉంటుంది. కానీ అతడి మనసులో ఆ మొత్తం ఖర్చుల్లో లేదు, రావలసిన బాకీల్లో ఉంది. ఆట తనకు బాకీ పడిందనీ, వసూలు చేసుకోవడం ఒక్కటే మిగిలి ఉందనీ అతడు నిజాయితీగానే నమ్ముతున్నాడు. ఆ పద్దు తెరిచి ఉన్నంతకాలం, యాప్‌లు తీసివేసినా, ఫోను లాక్కున్నా, అతడు మరో ఫోను సంపాదించి ఆడతాడు. నష్టంతో రాజీపడని మనిషి మామూలుగా అయితే ముట్టని పందేలకు సిద్ధపడతాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ త్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అంతే మొత్తం గెలిచినప్పటి సంతోషం కంటే పోయినప్పటి బాధ బరువైనదని వారు చూపించారు కూడా. ఆ బాధను వెంటనే దించుకోవడానికి కనిపించే ఒకే దారి తర్వాతి మ్యాచ్.

కాబట్టి మొత్తం రాసే చోట పెన్ను ఆగుతుంది. తల వంచుకుని, మూత తీసి పెట్టి, పెట్టి తీసి, “ఆ నలభై వేలు ఇంకా తేలలేదు మామా, ఆదివారం మ్యాచ్‌తో సర్దుకుంటుంది, దాన్ని పక్కన పెడదాం” అంటాడు. ఈ క్షణంలో తిట్టే తండ్రి, ఏడ్చే తల్లి ఇద్దరూ పనిని పాడుచేస్తారు, ఎందుకంటే మాట డబ్బు మీద నుంచి పరువు మీదికి మళ్లుతుంది. ఏమీ అనకుండా ఆ 40,000నే తీసుకుని, పక్క పేజీలో అతడి చేతనే లెక్క వేయించాలి.

ఇరువైపులా సమాన అవకాశం ఉన్న మ్యాచ్‌కు రూపాయికి రూపాయి కాకుండా 90 పైసలే లాభం ఇస్తారనుకుందాం. 40,000 తిరిగి రావాలంటే 44,444 రూపాయలు కాయాలి. అది పోతే నష్టం 84,444 అవుతుంది, దాన్ని కవర్ చేయడానికి 93,827 కాయాలి. అదీ పోతే మొత్తం 1,78,271. వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడడం అరుదైన దురదృష్టం కాదు, నాలుగింట ఒకసారి జరిగేదే. ఆ తగ్గించిన 10 పైసల వల్ల, సగం మ్యాచ్‌లు గెలిచేవాడు కూడా కాసిన ప్రతి నూరు రూపాయలకు సగటున ఐదు పోగొట్టుకుంటూనే ఉంటాడు. ఈ అంకెలను మీరు చదివి వినిపిస్తే ఉపన్యాసం అవుతుంది, తలకెక్కదు. అతడి చేతిరాతలో ఉండాలి.

ఇన్నిసార్లు పోయింది కనుక ఈసారి రావాలి కదా అనే వాదం తప్పకుండా వస్తుంది. మాంటె కార్లో జూదశాలలో 1913 ఆగస్టు 18న ఎరుపు, నలుపు గళ్లుండే రూలెట్ అనే జూదపు చక్రం మీద నలుపు వరుసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపు పడక తప్పదని కాసినవారు భారీగా పోగొట్టుకున్నారు. చక్రానికి గత రాత్రి సంగతులు గుర్తుండవు. టాస్ నాణేనికీ అంతే. మన అనంతపురం పల్లెల్లో ఒక బోరు ఎండితే దాని ఖర్చు రాబట్టడానికి పక్కనే ఇంకొకటి, అదీ ఎండితే మూడోది వేసి, పొలాన్నే అమ్ముకున్నవారిని అందరం చూశాం. ఈ పరుగు అలాంటిదే, కాకపోతే భూమి ప్రతి బోరుకూ కమీషన్ తీసుకోదు. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెతను పందెగాళ్లు చెడగొట్టినంతగా ఎవరూ చెడగొట్టలేదు.

లెక్క వేయించాక మళ్లీ ఖర్చు పేజీ తిప్పి, మాట్లాడకుండా ఆగాలి. విసుగెత్తి తండ్రే ఆ అంకె రాసివేస్తే అంతవరకు చేసినదంతా వృథా. ఆ పూట రాయలేకపోతే పుస్తకం మూసి మరుసటి ఉదయం కూర్చోవాలి కానీ, మ్యాచ్ ఉన్న సాయంత్రం మాత్రం కూర్చోకూడదు. “పోతే పోయిందిలే, మళ్లీ సంపాదించుకుంటావు” అనే ఓదార్పు గీత గీసిన తర్వాతే రావాలి. ముందే అంటే ఆ ‘మళ్లీ’ అన్నది అతడికి ఆదివారం మ్యాచ్‌లాగే వినిపిస్తుంది. మొత్తాన్ని తగ్గించి రాయడానికీ ఒప్పుకోకూడదు. పక్కన పెట్టిన ఐదు వేలు చాలు, పద్దు మళ్లీ తెరుచుకోవడానికి.

గీత పడ్డాక అప్పుల పేజీకి రావచ్చు. ఇక్కడ పొలమో, బంగారమో అమ్మి అన్నిటినీ ఒకేసారి తీర్చివేసే తొందర పనికిరాదు. ఒక్కరోజులో అప్పు మాయమైతే, నష్టం తేలికగా పూడుతుందని కుర్రవాడి మనసు నేర్చుకుంటుంది. ఎక్కువ వడ్డీవి ముందు, తక్కువవి తర్వాత, ప్రతి నెలా అతడి సంపాదనలోంచే, అతడి చేత్తోనే కట్టించాలి. కాణిపాకం తీసుకువెళ్లి ప్రమాణం చేయించే ఆచారం మన వైపు గట్టిగా ఉంది. భక్తిని నేను తప్పుపట్టను, కానీ పద్దు మూయకుండా చేయించిన ప్రమాణం తప్పినప్పుడు నష్టానికి పాపభయం తోడై, దాన్ని దాచడం కూడా మొదలవుతుంది. వెళ్లాలనుకుంటే గీత గీసిన తర్వాత వెళ్లండి.

ఇక మిగిలింది సాయంత్రాలు. ఏడు గంటలకు టాస్, ఏడున్నరకు ఆట. ఆ సమయంలో కుర్రవాడు ఒంటరిగా, చేతిలో ఫోనుతో ఉండకుండా ఏదో ఒక పని పెట్టాలి. అంగట్లో కూర్చోబెట్టినా సరే. ఆట చూస్తాను కానీ కాయను అనేవారిని ఆ సీజనుకు నమ్మవద్దు.

ఇంత చేసినా ఆగకపోతే అది మొండితనం అనుకోకండి. జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవవచ్చు, 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. కుర్రవాడి నోట చావు మాట వస్తే లెక్కలూ వరుసలూ అన్నీ పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా, అదే పూట వెళ్లాలి. మామూలుగా వెళ్లేవారు నోటు పుస్తకాన్ని కూడా తీసుకువెళ్లాలి, ఎప్పటి నుంచి, ఎంత, ఎంత తరచుగా అని డాక్టరు అడిగేవన్నీ అందులో తేదీలతో సహా ఉంటాయి.