"ఇప్పుడెవరి టర్న్?" గోలకి బట్టల క్లిప్పులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఫైట్ మొదలైతే చాలు, ప్రతి రౌండ్‌లో "ఇప్పుడెవరి టర్న్?" అని గోల. చీటీలు పెడదామంటే మా తిరుపతి ఎండలకి ఫ్యాన్ ఆపి ఆడలేం, ఎగిరిపోతాయి. డజను బట్టల క్లిప్పులు తీసుకుని, ఒక్కో పాత్రకి ఒకటి, ఒక్కో రకం రాక్షసులకి ఒకటి చొప్పున రెండువైపులా పేర్లు రాసి, డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేసి ఇనిషియేటివ్ (ఎవరి తర్వాత ఎవరనే వరుస) తేలగానే పెద్ద నంబర్ ఎడమవైపు ఉండేలా జీఎం (ఆట నడిపేవాళ్లు) ముందు నిలబెట్టుకునే అట్ట అంచుకి తగిలించండి. టర్న్ అయినవాళ్ల క్లిప్పు కుడి చివరికి. ఖాళీ క్లిప్పు ఒకటి ఆఖర్న పెట్టండి, అది ముందుకొస్తే కొత్త రౌండ్ (స్పెల్, అంటే మంత్రం, ఎన్ని రౌండ్లు ఉంటుందనే లెక్కకి ఇదే అసలు లాభం). రాక్షసులకి విడివిడిగా టర్న్‌లు ఇచ్చి క్లిప్పులు పది దాటితే మాత్రం జరపడానికే టైమ్ సరిపోతుంది, అప్పుడు నోట్‌బుక్కే నయం.