పాత కారు ఇంజిన్ విప్పి కట్టాక పికప్ లేకపోతే: రోడ్డు మీద లాగించే ముందు జాగ్రత్తలు

బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి కట్టిన ఇంజిన్ తేలిగ్గానే స్టార్ట్ అవుతుంది, స్లోలో నిలకడగా ఆడుతుంది, ఎత్తు ఎక్కాల్సి వచ్చేసరికి చతికిలబడుతుంది. వెంటనే అందరి చెయ్యీ కార్బురేటర్ స్క్రూ మీదికి, ఆ తర్వాత ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మీదికి పోతుంది. డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పితే పికప్ వచ్చినట్టే ఉంటుంది కూడా. దయచేసి అక్కడే ఆగండి. తప్పు క్యామ్ టైమింగ్‌లో, అంటే వాల్వులు తెరుచుకునే, మూసుకునే వేళలో ఉంటే ఆ తిప్పుడు దాన్ని కప్పిపెడుతుంది. స్పార్క్ మరీ ముందుకు జరిగితే లోడు మీద నాకింగ్ (లోపల టకటక కొట్టడం) పుట్టి కొత్త రింగులూ, పిస్టన్ మీద రింగుల మధ్య గట్లూ విరుగుతాయి. మరీ వెనక్కి పోతే మంట ఎగ్జాస్ట్ దాకా సాగి వాల్వులు కాలిపోతాయి. కారణం తేలేదాకా బండిలో బరువు వేయకండి, ఎత్తు రోడ్లు ఎక్కించకండి.

ఇది పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుని స్పార్క్ పుట్టించే స్విచ్చు), కార్బురేటర్ ఉన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌కు రాసింది. అసలు కొలతలు మీ బండి మాన్యువల్‌లోవే తీసుకోండి.

పని మొదలుపెట్టే ముందు హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పి చూసే ప్రతి పరీక్షకూ ముందు కాయిల్‌కు వచ్చే కరెంటు వైరు తీసేయండి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసిపెట్టుకోండి.

ముందు బయటివి

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనండి. ఎయిర్ క్లీనర్ తీసి చూస్తే థ్రాటిల్ రేకు నిటారుగా నిలబడాలి. కేబుల్ తిరిగి బిగించేటప్పుడు వదులుగా వదిలేయడం వల్ల సగమే తెరుచుకునే బండ్లు చాలా ఉంటాయి. చోక్ రేకు కూడా పూర్తిగా తెరుచుకోవాలి. చదును నేల మీద బండిని తోసి చూడండి, బరువుగా కదిలితే బ్రేకులు పట్టేస్తున్నాయి. టాప్ గేరులో తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వెనక ఆయిల్ సీల్ సరిగా కూర్చోక క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడినా ఇదే జరుగుతుంది.

టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) గుర్తు, ఆ తర్వాత క్యామ్

ఎక్కువసేపు పెట్టాల్సింది ఇక్కడే. పాత ఇంజిన్లలో క్రాంక్ పుల్లీకి లోపలి ముక్కకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటే, ఆ రబ్బరు వదిలి బయటి రింగు జరిగిపోతుంది. గుర్తు సున్నా చూపిస్తుంది, పిస్టన్ మాత్రం పైన ఉండదు. టైమింగ్ లైటు ఎంత మంచిదైనా అప్పుడు అబద్ధమే చెబుతుంది. సరిచూడటానికి ఒకటో సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) వదులు చేసి, పిస్టన్ బాగా కింద ఉన్నప్పుడు ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌కు అడ్డుగా నిలిచే కడ్డీ) బిగించండి. క్రాంకును చేత్తో మెల్లగా తిప్పి, తగలగానే పుల్లీ మీద గీత పెట్టండి. వెనక్కి తిప్పి, మళ్లీ తగిలిన చోట ఇంకో గీత. స్టాప్‌కు దగ్గరగా పడ్డ ఆ రెండు గీతలకూ సరిగ్గా నడుమ ఉన్నదే నిజమైన టీడీసీ. ఈ పనికి స్టార్టర్ వాడితే పిస్టన్ తలకు రంధ్రం పడుతుంది.

రాకర్లు తిరిగి సరిచేసి, టైమింగ్ కవర్ విప్పకుండానే క్యామ్ చూడొచ్చు. ఒకటో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే ఘడియకు క్రాంకును నిజమైన టీడీసీ మీద ఆపండి. మామూలు క్యామ్ అయితే రెండు వాల్వులూ దాదాపు సమానంగా, కొద్దిగా తెరిచి ఉంటాయి. ఎగ్జాస్ట్ బాగా తెరిచి ఉండి ఇన్‌లెట్ ఇంకా కదలకపోతే క్యామ్ వెనకబడింది. ఇన్‌లెట్ అప్పటికే బాగా తెరిచి ఉంటే ముందుకు పోయింది. క్రాంకు పళ్లచక్రానికి 20 పళ్లుంటే, ఒక్క పన్ను తేడా క్రాంకు మీద 18 డిగ్రీలు. వెనకబడ్డ క్యామ్‌తో ఇంజిన్ స్లోలో బాగానే ఆడుతుంది, తక్కువ వేగంలో మాత్రం లాగదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

కంప్రెషన్

ఇంజిన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, కంప్రెషన్ గేజ్ పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బలమైన బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు అయిదారు కంప్రెషన్ల దాకా తిప్పండి. 8:1 ఇంజిన్‌లో సుమారు 9 నుంచి 11 బార్ రావాలి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. అన్నీ సమానంగా తక్కువైతే మళ్లీ క్యామ్ వైపే చూడండి, లేదా పిస్టన్లు లోతు గిన్నె రకమో, హెడ్ గాస్కెట్ మరీ మందమో అయ్యుండాలి. పక్కపక్క రెండు తక్కువైతే వాటి మధ్య గాస్కెట్ పోయింది. ఒక్కటే తక్కువైతే ఒక టీస్పూను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్. కొత్తగా కట్టిన ఇంజిన్‌లో వాల్వ్ కారడానికి తరచూ కారణం టాపెట్ గ్యాపు (వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఉండాల్సిన సందు) లేకపోవడం. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాక గ్యాపు మారుతుంది కాబట్టి ముందు హెడ్డు, తర్వాత టాపెట్లు.

కొత్త రింగులు కూర్చోక ముందు కొంత తక్కువ చూపించడం మామూలే. అవి కూర్చోవాలంటే మితమైన లోడు కావాలి. గంటల కొద్దీ స్లోలో ఆడిస్తే సిలిండర్ గోడ నున్నగా మెరుగుపట్టి రింగులు ఎప్పటికీ పట్టవు.

స్పార్క్

ముందు పాయింట్ల గ్యాపు, చాలా బండ్లకు 0.35 నుంచి 0.45 మి.మీ., ఆ తర్వాతే టైమింగ్. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగూ ముందుకు జరుగుతుంది, అందుకే ఈ వరుస. రోటర్‌ను చేత్తో తిప్పి వదిలితే స్ప్రింగు లాగి వెనక్కి రావాలి. రాకపోతే కింద అడ్వాన్స్ గుండ్లు తుప్పుతో బిగుసుకున్నాయి, వేగంలో స్పార్క్ ముందుకు జరగదు. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ పైపు తీసి నోరు మూసి, 3,000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ చూడండి. చాలా పాత ఇంజిన్లలో అది 28 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంటుంది.

గాలి, పెట్రోలు, పొగ

ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. సముద్రమట్టం దగ్గర స్లోలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం నిలకడగా ఉండాలి, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ ఒక అంగుళం తగ్గించుకోండి. ముల్లు 10, 12 దగ్గర కదలకుండా నిలిస్తే స్పార్క్ గానీ క్యామ్ టైమింగ్ గానీ వెనకబడింది, లేదా మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లగా దిగిపోతుంటే ఎగ్జాస్ట్ మూసుకుంది. ఇంజిన్ విప్పినప్పుడు దుమ్ము పడకుండా కుక్కిన గుడ్డ లోపలే మిగిలిపోయిందేమో కూడా చూడండి.

మెకానికల్ పంపు కింద అదనంగా గాస్కెట్ వేస్తే మీట సరిగా ఆడక పెట్రోలు చాలదు. పైపును సీసాలో పెట్టి ఇంజిన్ తిప్పితే ధార కొట్టుకొట్టుగా, బలంగా రావాలి. నిప్పు దగ్గర లేకుండా చూసుకోండి.

ఇవన్నీ సరిపోయినా లాగకపోతే, డయల్ గేజ్‌తో ప్రతి వాల్వ్ ఎంత లేస్తోందో కొలవండి. క్యామ్ మీద నేరుగా రుద్దుకునే టాపెట్లుంటే, మొదటిసారి స్టార్ట్ చేయగానే 2,000 ఆర్‌పీఎం పైన 20 నిమిషాలు నడపాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి. స్లోలో ఆడించిన ఇంజిన్‌లో ఒకటి రెండు లోబులు (క్యామ్ మీద వాల్వును లేపే ఉబ్బులు) అరిగిపోతాయి. ఒక వాల్వ్ మిగతావాటికన్నా మిల్లీమీటరు తక్కువ లేస్తే ఇంజిన్ ఇక నడపకండి. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ఇనుప పొడి కనిపిస్తుంది, అది అప్పటికే బేరింగుల దాకా పోయి ఉంటుంది. క్యామ్, టాపెట్లు కలిపి కొత్తవి వేయాలి, ఆయిల్ దారులన్నీ విప్పి కడగాలి.