ఆవకాయ కలపకముందే చూసుకోవాల్సినవి

నూనె, కారం కలిశాక ఆవకాయలో గాజుముక్క ఉన్నా, ఇనుప రజను ఉన్నా కంటికి ఆనదు. చూసేదేదో ముందే, దేనికది విడిగా, తెల్లటి పళ్లెంలో పోసి చూడాలి.

ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఆవాల దగ్గర. ఆవచేలో కలుపుగా మొలిచే బ్రహ్మదండి గింజలు వాటిలో కలుస్తుంటాయి. సైజులో తేడా తెలియదు. ఆవగింజ నున్నగా ఉంటుంది, ఇది నల్లగా, గరుకుగా ఉంటుంది. అనుమానమొస్తే గోటితో నొక్కండి: ఆవగింజ లోపల పసుపు, దీని లోపల తెలుపు. రాయి పంటికి తగిలి బయటపడుతుంది, ఇది అలా పడదు. దీని నూనెలోని సాంగ్వినరిన్ అనే విషం వల్ల కాళ్లు వాస్తాయి, ముదిరితే గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు. ఆవపిండి కొంటే ఈ పరీక్షకు వీలుండదు. ఆవాలే కొని పిండి పట్టించండి.

మరలో రాయికి గాట్లు కొట్టించిన రోజు మిరపకాయలు పట్టించొద్దు, రాతిపొడి రాలుతుంది. మామూలు రోజైనా ముందు మన కాయలే రెండు గుప్పెళ్లు వేసి, ఆ పొడి పారేయాలి. ఇంటికొచ్చాక కారాన్ని పల్చగా పరిచి, పాలిథిన్ కవరులో పెట్టిన అయస్కాంతాన్ని పైపైన తిప్పండి. తర్వాత కవరు తిరగేస్తే రజను దాంతోపాటే వచ్చేస్తుంది. స్టీలు పీచు ముక్కలు కొన్ని అయస్కాంతానికి అంటకపోవచ్చు, వాటికి జల్లెడే దిక్కు. ఇక చెంచాడు కారం గ్లాసుడు నీళ్లలో వేసి పది నిమిషాలు ఆగండి. అసలు కారం కూడా కొంత అడుక్కి దిగుతుంది కాబట్టి చూసి తేల్చొద్దు. అడుగుది వేళ్ల మధ్య నలిపితే గరగరలాడితే ఇటుకపొడి లేదా ఇసుక, సబ్బులా జారితే బలపపురాయి పొడి.

కల్లుప్పు గుప్పెడు వేడినీళ్లలో కరిగించి గుడ్డలో వడకడితే మట్టి ఉందో లేదో తేలిపోతుంది.

కాయలు కొట్టే ముందు కత్తి అంచు చూసుకోండి, కొట్టాక మళ్లీ చూడండి. టెంక గట్టిది, అంచు పెచ్చు లేస్తుంది. కొత్త నొక్కు కనబడితే ఆ ముక్క దొరికేదాకా కలపొద్దు. జాడీ మూతి చుట్టూ గోరు పోనివ్వండి, పింగాణీ పెచ్చు లేచిన చోట గోరు తగులుకుంటుంది.

మూడోరోజు తిరగేసేటప్పుడు తళుక్కుమనేదేదైనా కనిపిస్తే తీసి వేడినీళ్లలో వేయండి. కరిగితే ఉప్పు. కరగకపోతే గాజనుకుని జాడీ మొత్తం పారబోయండి, ఏరుకుని వాడదామనుకోవద్దు.